సెలవుల తర్వాత సెల్ఫ్ పట్టని కారు

ప్రశ్న: మాది దేవరకొండ. ఇంటికి ఆరు కిలోమీటర్ల దూరంలోని ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో లెక్కలు చెబుతాను. ఎనిమిదేళ్ళ కిందట కొన్న చిన్న పెట్రోలు కారులో రోజూ బడికి వెళ్ళి వస్తాను. ఈసారి వేసవి సెలవులన్నీ హైదరాబాదులో మా అమ్మాయి దగ్గర గడిపి వచ్చి, బడి తెరిచే రోజున కారు తీయబోతే సెల్ఫ్ పట్టలేదు. టిక్కుటిక్కుమని చప్పుడు తప్ప ఏమీ లేదు. ఎదురింటి లారీ డ్రైవరు తన లారీ బ్యాటరీకి వైర్లు కలిపి స్టార్టు చేసి పెడతానన్నాడు. ఎందుకో భయం వేసి వద్దన్నాను. కారుతో వచ్చిన మొదటి బ్యాటరీ ఐదేళ్ళు పనిచేసి జూన్‌లోనే పోయింది. రెండోది మూడేళ్ళకే పోయింది, ఇదీ జూన్‌లోనే. మా మెకానిక్ "డీజిల్ కార్లకు వేసే 65 ఏహెచ్ పెద్ద బ్యాటరీ వేయిద్దాం మేడం, ఇక చూసుకోనక్కర్లేదు" అంటున్నాడు. నల్లగొండలో బ్యాటరీల దుకాణం ఆయన "పాతదాని మీద గ్యారంటీ ఇంకా మిగిలి ఉంది, తగ్గింపు ధరకు కొత్తది ఇస్తాను" అంటున్నాడు. చికాగోలో ఉన్న మా అబ్బాయి "సీసీఏ ఎక్కువ ఉన్నది చూసి కొను అమ్మా" అంటున్నాడు. ఎవరి మాట వినాలి? పోయినేడాది మా తమ్ముడు కారుకు ముందూ వెనకా కెమెరాలు పెట్టించాడు. దానికీ దీనికీ సంబంధం ఉందో లేదో తెలియదు కానీ రాస్తున్నాను.
– ఒక టీచరు, దేవరకొండ

సమాధానం: టీచరు గారూ, ముందు ఆ లారీ సంగతి చెప్పి, తర్వాత బ్యాటరీ దగ్గరికి వస్తాను. లారీలో 12 వోల్టుల బ్యాటరీలు రెండు వరసగా కలిపి ఉంటాయి. మొత్తం 24 వోల్టులు. మీ కారులోని బల్బులు మొదలుకొని ఇంజిన్‌ను నడిపించే చిన్న కంప్యూటర్ దాకా అన్నీ 12 వోల్టులకు తయారైనవి. ఆ రోజు వైర్లు కలిపి ఉంటే బ్యాటరీ ఖర్చుతో తీరేది కాస్తా కంప్యూటర్ ఖర్చు దాకా వెళ్ళి ఉండేది. ఎందుకో వేసిందన్నారే, ఆ భయానికి మీరు రుణపడి ఉన్నారు. డ్రైవరును తప్పుపట్టడం లేదు. నార్కట్‌పల్లి దగ్గరో జడ్చర్ల దగ్గరో అర్ధరాత్రి ఆగిపోయిన కార్లకు దిక్కయ్యేది చాలాసార్లు లారీవాళ్ళే. టైరు విప్పడానికి, తాడు కట్టి లాగడానికి వాళ్ళ సాయం నిశ్చింతగా తీసుకోవచ్చు, ఈ వైర్ల సాయం ఒక్కటి మాత్రం వద్దు. పక్కింట్లో ట్రాక్టరు ఉంటే అది వేరే మాట. ట్రాక్టరుది 12 వోల్టులే. ఎర్ర తీగతో ప్లస్‌కు ప్లస్ కలిపి, ట్రాక్టరు మైనస్ నుంచి వచ్చే నల్ల తీగ రెండో కొసను మీ బ్యాటరీకి దూరంగా, ఇంజిన్ మీద రంగు వేయని ఇనుప భాగానికి తగిలించాలి. ఆఖరి తీగ తగిలించేటప్పుడు నిప్పురవ్వ లేస్తుంది. బ్యాటరీ పైన హైడ్రోజన్ వాయువు ఉండే అవకాశం ఉంది కాబట్టి ఆ రవ్వ అక్కడ లేవకూడదు.

ఇక మీ ముగ్గురు సలహాదారులు. మెకానిక్ చెప్పింది డీజిల్ కారుకు సరిపోతుంది. అబ్బాయి చెప్పింది చికాగోకు సరిపోతుంది. దుకాణం ఆయన చెప్పింది దుకాణానికి సరిపోతుంది. దేవరకొండలో ఆరు కిలోమీటర్లు తిరిగే పెట్రోలు కారు గురించి ఎవరూ ఆలోచించినట్టు లేదు. మీ ఉత్తరంలో అసలైన ఆధారాలు వాళ్ళ మాటల్లో లేవు. మీరు ఏదో గుర్తొచ్చి రాసినట్టు రాసిన రెండు సంగతుల్లో ఉన్నాయి: రెండు బ్యాటరీలూ జూన్‌లోనే పోవడం, పోయినేడాది కెమెరాలు రావడం.

మీరు లెక్కల టీచరు కాబట్టి లెక్క వేసే చూపిస్తాను. తాళం వేసి పెట్టిన కారు పూర్తిగా నిద్రపోదు. గడియారం తిరుగుతుంటుంది, మీ చేతిలోని రిమోటు ఎప్పుడు నొక్కుతారా అని ఒక పరికరం కాచుకుని ఉంటుంది, దొంగల అలారం మేలుకుని ఉంటుంది, కంప్యూటర్ తన జ్ఞాపకాలను నిలుపుకుంటుంది. వీటన్నిటికీ కలిపి 50 మిల్లీఆంపియర్ల దాకా పోవడం మామూలే. మీ కారు పొదుపరి అనుకుని 30 మిల్లీఆంపియర్లే వేద్దాం. అంటే 0.03 ఆంపియర్లు. రోజుకు 24 గంటలు కాబట్టి 0.72 ఆంపియర్-గంటలు. బడులు ఏప్రిల్ ఆఖరు వారంలో మూసి జూన్ 12 ప్రాంతంలో తెరుస్తారు కదా, 48 రోజులు అనుకుందాం. 0.72ను 48తో గుణించండి. 34.56 వస్తుంది. మీలాంటి చిన్న పెట్రోలు కార్లలో మామూలుగా ఉండే బ్యాటరీ సామర్థ్యం 35 ఆంపియర్-గంటలు. దుకాణంలో 35 ఏహెచ్ అనేది దీన్నే.

అంటే నిన్న కొన్న కొత్త బ్యాటరీ అయినా, నిండుగా చార్జి చేసి పెట్టి వెళ్ళినా, మీరు తిరిగి వచ్చేసరికి అడుగంటి ఉంటుంది. కెమెరాల సంగతి కలపకుండానే ఇంత. ఒకసారి రాత్రిపూట కారు దగ్గరికి వెళ్ళి చూడండి. ఇంజిన్ ఆపి తాళంచెవి తీసేసి అరగంటైనా కెమెరా మీద చిన్న లైటు వెలుగుతూ ఉంటే, కారు ఆగి ఉన్నప్పుడు కూడా అది కాపలా కాస్తోందన్న మాట. అలాంటి కెమెరాకు పావు ఆంపియర్ అనుకున్నా రోజుకు 6 ఆంపియర్-గంటలు పోతాయి. అప్పుడు 35 ఏహెచ్ బ్యాటరీ వారం కూడా ఆగదు. కొన్ని కెమెరాల్లో బ్యాటరీ బాగా దిగితే తనంతట తానే ఆగిపోయే ఏర్పాటు ఉంటుంది. మీ దానిలో ఉందో లేదో పెట్టించిన తమ్ముణ్ణే అడగండి.

దీనికి మన ఎండ తోడైంది. బ్యాటరీ అంటే గంధకామ్లంలో మునిగిన సీసం పలకలు. వేడి పెరిగిన కొద్దీ లోపలి పలకల తుప్పు కూడా పెరుగుతుంది. 10 డిగ్రీలు పెరిగితే అరుగుదల సుమారు రెట్టింపు అవుతుందని ఈ రంగంలో వాడే మోటు లెక్క. మే నెలలో నల్లగొండ జిల్లాలో 44, 45 డిగ్రీలు చూస్తూనే ఉన్నాం. రేకుల షెడ్డు కింద నిలిపిన కారు బానెట్‌లో ఇంకా ఎక్కువే ఉంటుంది. బ్యాటరీ నిండుగా ఉండి ఎండను ఓర్చుకోవడం ఒక ఎత్తు, ఖాళీగా పడి ఉండి ఓర్చుకోవడం మరో ఎత్తు. ఖాళీ బ్యాటరీలో పలకల మీద సీసపు సల్ఫేట్ పొర పేరుకుంటుంది. వెంటనే చార్జి చేస్తే ఆ పొర కరుగుతుంది. వారాల తరబడి వేడిలో అలాగే వదిలేస్తే గట్టిపడి, తర్వాత ఎంత చార్జి పెట్టినా కరగదు. దెబ్బ తగిలేది మే నెలలో. మీకు తెలిసేది జూన్‌లో, హాజరు వేసుకోవాల్సిన రోజు పొద్దున.

కాబట్టి డబ్బు తీయకముందు ఒక పని చేయండి. ఉన్న బ్యాటరీని విప్పించి నెమ్మదిగా చార్జింగు పెట్టించండి. సామర్థ్యంలో పదో వంతు, అంటే మూడున్నర ఆంపియర్ల దగ్గర పది పన్నెండు గంటలు పట్టాలి. గంటలో ఎక్కించి ఇస్తానన్న చోట పెట్టించవద్దు. చార్జింగు తీసి ఒక రాత్రి ఊరికే ఉంచి, పొద్దున వోల్టులు చూడాలి. లోపల ఆరు గదులు, ఒక్కో గదికి 2.1 వోల్టులు, మొత్తం 12.6 రావాలి. 12.4 అంటే ముప్పావు వంతు, 12.2 అంటే సగం. ఆ తర్వాత కారుకు బిగించి సెల్ఫ్ కొడుతూ మీటరు చూడమనండి. సెల్ఫ్ తిరుగుతున్నంతసేపూ 9.6 కంటే కిందికి పడకూడదు. ఈ రెండు పరీక్షలూ నెగ్గితే ఆ బ్యాటరీ ఇంకొంతకాలం పనిచేస్తుంది, కెమెరా తీగ సరిచేయించుకుని హాయిగా బడికి వెళ్ళండి. మీ విషయంలో నెగ్గుతుందని నాకు పెద్ద ఆశ లేదు. మూడేళ్ళ వయసు, పైగా 48 రోజుల ఉపవాసం. అయినా చార్జింగుకు పోయేది కొద్ది మొత్తం. కొత్త బ్యాటరీ ఖర్చు వేలల్లో.

ఓడిపోతే కొనక తప్పదు. అప్పుడు మెకానిక్ చెప్పిన 65 ఏహెచ్ సంగతి. డీజిల్ ఇంజిన్‌లో ఒత్తిడి ఎక్కువ, దాన్ని తిప్పడానికి ఎక్కువ కరెంటు కావాలి, అందుకే దానికి పెద్ద బ్యాటరీ. మీ పెట్రోలు ఇంజిన్‌కు ఆ బలం అక్కర్లేదు. పెద్దది పెడితే ఆల్టర్నేటరు (ఇంజిన్ నడుస్తుండగా కరెంటు పుట్టించి బ్యాటరీని చార్జి చేసేది, మన మెకానిక్‌లు ఇప్పటికీ డైనమో అంటారు) కాలిపోతుందని కొందరు భయపెడతారు. అలా కాలిపోదు. అసలు ఇబ్బంది వేరు. చిన్న బోరు మోటారు పెట్టుకుని పెద్ద ట్యాంకు కట్టుకున్నట్టు ఉంటుంది. మీరు రోజుకు రెండు విడతలుగా, విడతకు పావుగంట నడుపుతారు. ఆ పావుగంటలో ఏసీ, ఫ్యాను, లైట్లు తాగినది పోగా మిగిలిన కరెంటే బ్యాటరీలోకి వెళుతుంది. ట్యాంకు పెద్దదైతే ఒకసారి దిగిపోయాక మళ్ళీ నిండడానికి ఎక్కువ రోజులు పడుతుంది, సగం నిండిన బ్యాటరీ మన ఎండలో ఎలా ఉంటుందో పైన చెప్పాను. ఇంకో సంగతి, అది అసలు పట్టదు. మీ కారు బ్యాటరీ వెడల్పు సుమారు 13 సెంటీమీటర్లు, డీజిల్ కార్లకు వేసే డిన్ (జర్మనీ పద్ధతి) రకం వెడల్పు 17.5 సెంటీమీటర్లు. పట్టించడానికి ట్రే కోసి, క్లాంపు వంచి, తాడుతో కట్టిన కార్లు నేను చూశాను. కదలకుండా బిగించని బ్యాటరీ గుంతల రోడ్ల మీద ఊగి ఊగి, లోపలి పలకలు రాలిపోయి చస్తుంది. ప్లస్ కొస వెళ్ళి బానెట్ రేకుకు తగిలితే మంటలే.

ఎంత పెద్దది అన్నదానికి జవాబు మీ పాత బ్యాటరీ మీదే రాసి ఉంటుంది. పైన గానీ పక్కన గానీ 38బీ20ఎల్ లాంటి ఒక కోడ్ కనిపిస్తుంది. ఇది జపాన్ పద్ధతి. మొదటి అంకె పనితనపు స్థాయి, దాన్ని ఆంపియర్-గంటలు అనుకుని చాలామంది పొరబడతారు. బీ అంటే వెడల్పు, ఎత్తుల తరగతి. 20 అంటే పొడవు సుమారు 20 సెంటీమీటర్లు. చివరి ఎల్ లేదా ఆర్ అన్నది ప్లస్, మైనస్ కొసలు ఏ పక్కన ఉన్నాయో చెబుతుంది. ఎల్, ఆర్ రెండూ అద్దంలో బొమ్మల్లాంటివి. తప్పుది తెస్తే ప్లస్ తీగ అందదు, అందకపోతే లాగి బిగిస్తారు, ఇంకా ఘోరంగా ఎవరైనా తడబడి అటుదిటు కలిపితే ఫ్యూజులు, ఆల్టర్నేటరులోని డయోడ్లు మాడిపోతాయి. అక్షరం అర్థం గుర్తుపెట్టుకునే శ్రమ మీకు వద్దు. పాత బ్యాటరీ కారులో ఉన్నప్పుడే బానెట్ ముందు నిలబడి ఫోనుతో ఒక ఫోటో తీసి దుకాణంలో చూపించండి. ప్లస్ ఏ పక్కన ఉందో, కొసలు సన్నగా ఉన్నాయో లావుగా ఉన్నాయో ఆ ఫోటోలో తెలుస్తుంది. చిన్న జపాన్ రకాలకు సన్న కొసలు, డిన్ రకాలకు లావు కొసలు ఉంటాయి. సన్న కొసకు లావు క్లాంపు వేసి సందులో రేకు ముక్క దూర్చి బిగించేవాళ్ళు ఉన్నారు. ఆరు నెలల తర్వాత "బ్యాటరీ మంచిది కాదు" అని తిట్టేదీ వాళ్ళే.

అదే ట్రేలో చోటు ఉండి, 24 సెంటీమీటర్ల పొడవుండే 45 ఏహెచ్‌ది కదలకుండా బిగుస్తుందంటే అది వేయించుకోవడం తప్పేమీ కాదు. కారు కంపెనీ ఇచ్చే పుస్తకంలో ఉన్న సంఖ్య కంటే తక్కువకు మాత్రం దిగవద్దు. కొలతలు కుదరకపోతే 35 ఏహెచ్‌తోనే ఉండండి. మీ కారును ఐదేళ్ళు నడిపింది ఆ 35 ఏహెచ్ కాదా?

సిగ్నలు దగ్గర ఆగినప్పుడు ఇంజిన్ తనంతట తానే ఆగి, క్లచ్ తొక్కగానే మళ్ళీ మొదలయ్యే కార్లు కొన్నేళ్ళుగా వస్తున్నాయి. మీది అలాంటిది కాదని ఉత్తరం బట్టి అనుకుంటున్నాను. ఈ జవాబు చదువుతున్న వేరేవాళ్ళలో ఎవరిదైనా అలాంటిదైతే, దానికి ఈఎఫ్‌బీ లేదా ఏజీఎం అనే ప్రత్యేక రకం ఉంటుంది. అదే వేయాలి. రోజుకు యాభైసార్లు సెల్ఫ్ కొట్టడానికి మామూలు బ్యాటరీ తయారు కాలేదు. ఖరీదు ఎక్కువని మామూలుది వేయిస్తే ఏడాది గడవకముందే మళ్ళీ దుకాణం మెట్లెక్కాలి.

మీ అబ్బాయి చెప్పిన సీసీఏకు వస్తాను. గడ్డకట్టే చలిలో బ్యాటరీ ఎంత కరెంటు ఇవ్వగలదో చెప్పే సంఖ్య అది. సున్నాకు కింద 18 డిగ్రీల చలిలో, 30 సెకన్ల పాటు, వోల్టులు 7.2కు తగ్గకుండా ఎన్ని ఆంపియర్లు ఇస్తుందో కొలుస్తారు. చికాగోలో జనవరి నెల గడిపినవాడు ఆ సంఖ్యను నమ్ముకోవడంలో ఆశ్చర్యం లేదు, అక్కడ అది ప్రాణాధారం. దేవరకొండలో డిసెంబరు తెల్లవారుజామున కూడా స్వెట్టరుతో సరిపోయే చలే కదా. పైగా అదే పెట్టెలో సీసీఏ బాగా పెంచాలంటే పలకలను పలచగా చేసి ఎక్కువ సంఖ్యలో పేర్చాలి. పలచటి పలక వేడికి తొందరగా తుప్పు పడుతుంది. అందుకని మన దగ్గర దాని వెంట పరుగెత్తడం అనవసరం. కారు పుస్తకంలో చెప్పినంత ఉంటే చాలు. అబ్బాయికి కోపం రాకుండా ఒక్క మాట చెప్పండి: ఏటా బ్యాటరీ ఆరోగ్యం చూసే చేతి మీటరు కొలిచేది ఈ సీసీఏనే. కొత్తలో ఎంత ఉందో బిల్లు వెనక రాసి పెట్టుకుంటే, రెండేళ్ళ తర్వాత ఎంత తగ్గిందో పోల్చుకోవడానికి పనికొస్తుంది.

రకం విషయంలో, మూతలు తీసి నీళ్ళు పోసేదా, మూసి ఉండేదా అని దుకాణంలో అడుగుతారు. నిజం చెప్పాలంటే మన వేడికి నీళ్ళు పోసుకునే వీలున్నది నాకు ఇష్టం. ఆవిరైపోయిన నీటిని మళ్ళీ నింపితే పలకలు గాలికి ఎండవు. కానీ నెలకోసారి బానెట్ ఎత్తి చూసే ఓపిక ఉన్నవాళ్ళకే అది. మీరు చూడరని మీ ఉత్తరం చెబుతోంది, తప్పుగా అనుకోకండి. మీకు మూసి ఉండే కాల్షియం రకమే మేలు. దానికి నీటి నష్టం బాగా తక్కువ. పైన ఆకుపచ్చగా కనిపించే చిన్న కన్ను ఉంటే దాన్ని పూర్తిగా నమ్మవద్దు, అది ఆరు గదుల్లో ఒక్కదాని సంగతే చెబుతుంది. ఒకవేళ మూతలున్నదే కొంటే డిస్టిల్డ్ వాటర్ తప్ప మరేమీ పోయించవద్దు. మిషన్ భగీరథ నీళ్ళు తాగడానికి మంచివే, బ్యాటరీకి పనికిరావు. ఫిల్టరు నీళ్ళూ అంతే. యాసిడ్ అసలే పోయకూడదు, ఆవిరై తగ్గేది నీరే కానీ యాసిడ్ కాదు.

లిథియం బ్యాటరీ వేసుకుంటే ఈ గొడవలు ఉండవు కదా అని మీకు తర్వాతి ఫోను రావచ్చు. మహబూబ్‌నగర్ పక్కన దివిటిపల్లిలో అమరరాజా సంస్థ లిథియం సెల్లుల కర్మాగారానికి 2023 మే నెలలో శంకుస్థాపన జరిగింది, 9,500 కోట్ల రూపాయల ప్రాజెక్టు అన్నారు. మన పాలమూరుకు అది పెద్ద సంగతే. కానీ లిథియం సెల్లుల ప్రధాన గిరాకీ ఎలక్ట్రిక్ వాహనాలకు, కరెంటు నిల్వకు. మీ కారులోని చార్జింగు ఏర్పాటు సీసం బ్యాటరీ కోసం చేసినది, దానిలో సీసానిదే పెట్టండి.

కొనేటప్పుడు నేను అన్నిటికంటే గట్టిగా పట్టుపట్టేది తయారీ నెల గురించి. దీని వెనక నా సొంత ఖర్చు ఒకటుంది. కొన్నేళ్ళ కిందట మిగతా చోట్ల కంటే ఆరు వందలు తక్కువని ఒక దుకాణంలో సంబరంగా బ్యాటరీ కొన్నాను. పద్నాలుగు నెలలకు, వానాకాలం రాత్రి, నాగార్జునసాగర్ నుంచి వస్తూ హాలియా దాటాక టీ కోసం ఆపి మళ్ళీ సెల్ఫ్ కొడితే మీకు వినిపించిన ఆ టిక్కుటిక్కే నాకూ వినిపించింది. తర్వాత పెట్టె మీది కోడ్ చదివించుకుంటే అది నేను కొనే నాటికే పదకొండు నెలలుగా అరలో కూర్చుని ఉంది. అమ్ముడుపోని బ్యాటరీ కూడా తనలో తాను దిగిపోతూనే ఉంటుంది, వేడి దుకాణంలో మరింత తొందరగా. మధ్యలో చార్జి చేసి పెట్టకపోతే కొత్తదానికే ఆ సల్ఫేట్ పొర పడుతుంది. కాబట్టి కోడ్ చదివి నెల, సంవత్సరం చెప్పమనండి. మూడు నెలల లోపుదైతే తీసుకోండి, ఆరు నెలలు దాటితే ఎంత తగ్గించినా వద్దు. తర్వాత మీటరు పెట్టి చూపించమనండి. 12.5 పైన ఉండాలి. 12.4 కంటే తక్కువ చూపిస్తే "లోపల ఇంకొకటి ఉందా?" అని అడగండి. టీచరు గొంతుతో అడగండి, ఉంటుంది.

ఇక దుకాణం ఆయన తగ్గింపు. గ్యారంటీ కార్డు బయటికి తీసి చూడండి. 55 నెలలు, 60 నెలలు అని పెద్ద అక్షరాలతో ఉన్నా, అది రెండు ముక్కలు. మొదటి ముక్కలో పాడైతే ఉచితంగా మారుస్తారు. రెండో ముక్కలో నెలలు గడిచిన కొద్దీ తరిగిపోయే తగ్గింపు మాత్రమే ఇస్తారు. మీ మూడేళ్ళ బ్యాటరీ రెండో ముక్కలో ఉండి ఉంటుంది. ఆ తగ్గింపును పెట్టె మీద అచ్చువేసిన ధర మీద లెక్కిస్తారు. మామూలుగా కొనేవాళ్ళకు ఆ అచ్చు ధరకు ఎవరూ అమ్మరు. ఊహకు ఒక లెక్క వేద్దాం. అచ్చు ధర 5,000. మీకు రావాల్సిన తగ్గింపు 25 శాతం. 3,750 కట్టాలి, పాత బ్యాటరీ కంపెనీకి వెళుతుంది. అదే బ్యాటరీని మామూలుగా కొంటే దుకాణంలో 4,400కు ఇచ్చి, పాత బ్యాటరీకి 700 తగ్గించారనుకోండి, 3,700 అవుతుంది. గ్యారంటీ వాడుకున్నందుకు మీకే 50 రూపాయలు నష్టం! అసలు అంకెలు మీ దుకాణంలో వేరుగా ఉంటాయి, తగ్గింపు నిజంగానే లాభం కావచ్చు కూడా. రెండు ధరలూ విడివిడిగా కాగితం మీద రాయించుకుని, తక్కువైనది ఎంచుకోండి. రెండో మాట, గ్యారంటీ కింద మార్చిన దానికి కొత్త గ్యారంటీ పూర్తిగా వస్తుందో, పాతదాని మిగులు నెలలే వస్తాయో అడగండి. జవాబు "మిగులు" అయితే వేరే లెక్క అవసరం లేదు, కొత్తది కొనండి.

బిల్లు లేకుండా ఇస్తే ఇంకొంత తగ్గిస్తామంటే ఒప్పుకోకండి. ఈ బ్యాటరీల మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 28 శాతం పోయి 18 అయింది, తగ్గాల్సింది అక్కడే తగ్గింది. బిల్లు లేని బ్యాటరీకి గ్యారంటీ కార్డు ఉన్నా అక్కరకు రాదు. పాతదాన్ని మాత్రం ఆ దుకాణంలోనే ఇచ్చేయండి. వీధిలో తుక్కు కొనేవాళ్ళు వంద ఎక్కువ ఇస్తామన్నా వద్దు. ఆ పెట్టె బరువులో సగానికి పైగా సీసమే. దాన్ని ఊరి బయట పగలగొట్టి, యాసిడ్ నేల మీద పారబోసి, కట్టెల మంట మీద సీసం కరిగిస్తారు. ఫ్లోరైడ్ నీళ్ళతో తరాల తరబడి ఎముకలు వంగిన జిల్లా మనది, ఆ నీళ్ళలో సీసం కూడా కలవనక్కర్లేదు. 2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం పాతవి వెనక్కి సేకరించే బాధ్యత తయారీదారులది.

బిగించేటప్పుడు పక్కన నిలబడండి. విప్పడంలో మైనస్ ముందు, ప్లస్ తర్వాత. బిగించడంలో ప్లస్ ముందు, మైనస్ తర్వాత. క్లాంపుల మీద పచ్చగా, తెల్లగా పూసిన తుప్పును వంట సోడా కలిపిన వేడినీళ్ళతో కడిగించి, ఆరాక వాసెలిన్ రాయించండి. కొన్ని కార్లలో బ్యాటరీ చుట్టూ మందపాటి తొడుగు ఉంటుంది, ఇంజిన్ వేడి తగలకుండా. అడ్డంగా ఉందని దాన్ని తీసి అవతల పడేస్తుంటారు. మీ కారుకు ఉంటే మళ్ళీ తొడిగించండి. చివరగా ఇంజిన్ నడుస్తుండగా, ఏసీ, లైట్లు వేసి, బ్యాటరీ మీద వోల్టులు చూడమనండి. 13.8 నుంచి 14.4 మధ్య ఉండాలి. 13.5 కూడా రాకపోతే తప్పు ఆల్టర్నేటరుదో బెల్టుదో. 15 దాటితే కొత్త బ్యాటరీ లోపల ఉడికిపోతుంది. రెండిట్లో ఏది జరిగినా ముందు దాన్ని బాగుచేయించాలి, లేకపోతే మూడో బ్యాటరీ కూడా మొదటి రెండింటి దారే పడుతుంది.

అదే రోజు ఎలక్ట్రీషియన్‌తో కెమెరాల తీగను మార్పించండి. ఇప్పుడది నేరుగా బ్యాటరీ నుంచి వస్తూ ఉండవచ్చు. తాళం తిప్పితేనే కరెంటు వచ్చే ఫ్యూజుకు దాన్ని కలిపితే సరి. రాత్రి కాపలా పోతుందని తమ్ముడు అభ్యంతరం చెబితే, దేవరకొండలో మీ ఇంటి ముందు కారును ఎవరు గీకుతారో ఆయన్నే చెప్పమనండి.

వచ్చే వేసవికి హైదరాబాదు వెళ్ళే ముందు 10 నంబరు పానా ఒకటి చేతికి తీసుకుని, మైనస్ క్లాంపు వదులు చేసి పక్కకు తప్పించి, దానికి ఒక గుడ్డ చుట్టి వెళ్ళండి. రెండు నిమిషాల పని. మైనస్ తీశాక రిమోటు పనిచేయదు కాబట్టి తలుపులు తాళంచెవితో వేయాలి. గడియారం సున్నాకు వస్తుంది, రేడియో స్టేషన్లు పోతాయి, కొన్ని మ్యూజిక్ సిస్టంలు మళ్ళీ కోడ్ అడుగుతాయి, ఆ కోడ్ ఎక్కడుందో ముందే వెతికి పెట్టుకోండి. షెడ్డు రేకులదైతే ఆ రెండు నెలలూ వేపచెట్టు కింద నిలపడం మేలు, రెట్టలు కడుక్కోవచ్చు. బతుకమ్మ, దసరా సెలవులకు ఇంత హంగామా వద్దు. 14 రోజులను 0.72తో గుణిస్తే 10 ఆంపియర్-గంటలే, కొత్త బ్యాటరీ ఓర్చుకుంటుంది. కెమెరా తీగ ఇంకా మార్పించి ఉండకపోతే దాని ప్లగ్గు ఒక్కటి లాగేసి వెళ్ళండి.